ఉద్యోగం వదిలిన అణుశాస్త్రజ్ఞుడు: జిన్‌జబురో తకాగీ

సావనీరు సంపాదక మిత్రులు ఒక శాస్త్రజ్ఞుడి జీవితం రాసిమ్మని అడిగినప్పుడు నేను సర్ సి.వి. రామన్ గురించో, మన యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వారిని గురించి తెలియనివాళ్ళు మన కాలేజీలో లేరు గనుక ఆ ప్రయత్నం మానుకున్నాను. నేను ఎన్నుకున్న మనిషి జపాను దేశస్థుడు. ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. ఏ సూత్రానికీ ఆయన పేరు పెట్టలేదు. పైపెచ్చు, ముప్ఫై అయిదేళ్ళు నిండీ నిండకముందే బంగారంలాంటి యూనివర్సిటీ ఉద్యోగాన్ని చేజేతులా వదులుకున్నాడు. అయినా జపానులో అణు విద్యుత్తు మాట ఎత్తితే ఆయన పేరు రాకుండా చర్చ సాగదు. ఆయనే జిన్‌జబురో తకాగీ.

1938 జూలైలో మయెబాషి అనే పట్టణంలో, ఒక వైద్యుడి ఇంట్లో పుట్టాడు. 1945 ఆగస్టు 5 రాత్రి అమెరికా విమానాలు ఆ పట్టణం మీద బాంబులు కురిపించాయి. తెల్లవారితే హిరోషిమా. మరో పది రోజులకు చక్రవర్తి లొంగిపోతున్నట్టు రేడియోలో ప్రకటించాడు. నిన్నటిదాకా చక్రవర్తి కోసం ప్రాణాలిమ్మని బోధించిన పంతుళ్ళే, మర్నాటి నుంచి ప్రజాస్వామ్యం గురించి అంతే గట్టి గొంతుతో పాఠం చెప్పడం మొదలెట్టారు. ఏడేళ్ళ పిల్లవాడికి ఇది మింగుడు పడలేదు. పైనుంచి వచ్చిన మాటను వచ్చినట్టు నమ్మకుండా, సొంతంగా తూచి చూసుకునే అలవాటు ఆనాటి నుంచే తనకు వచ్చిందని ఆయన పెద్దయ్యాక రాసుకున్నాడు.

టోక్యో యూనివర్సిటీలో అణు రసాయనశాస్త్రం చదివి 1961లో బయటికి వచ్చాడు. అప్పట్లో జపానులో అణుశక్తి అంటే ఒక కొత్త ఉగాది. బాంబుకు బలైన దేశమే ఆ శక్తిని దీపాలు వెలిగించడానికి వాడుకుంటుందన్న మాట యువకులను ఉర్రూత లూగించింది. తకాగీ కూడా ఆ ఉత్సాహంతోనే ఒక అణు పరిశ్రమ కంపెనీలో చేరాడు. రియాక్టరులో యురేనియం చీలినప్పుడు పుట్టే రేడియోధార్మిక పదార్థాలు నీటిలో ఎలా ప్రవర్తిస్తాయో చూడటం ఆయన పని. చూస్తున్నకొద్దీ, తెలిసినదానికన్నా తెలియనిదే ఎక్కువని అర్థమైంది. ఆ తెలియనిదాన్ని తవ్వి చూద్దామంటే కంపెనీకి అంత తీరిక లేదు. వాళ్ళకు కావలసింది రియాక్టరు సురక్షితమని చెప్పే లెక్కలే. నాలుగేళ్ళు చూసి, 1965లో టోక్యో యూనివర్సిటీ వారి పరిశోధన సంస్థకు మారాడు.

అక్కడ అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల భూమి మీద, సముద్రంలో ఏర్పడే అరుదైన ఐసోటోపులను వెతికే పని. స్వచ్ఛమైన విజ్ఞానం, లోకం గొడవ లేనిది. అలా అనుకునే వెళ్ళాడు. తీరా చూస్తే, ఆయన వెతుకుతున్న ప్రకృతి సహజమైన రేడియోధార్మికత కొంచెం. దాన్ని కప్పేస్తూ బాంబు పరీక్షల వల్ల రాలిన సీజియం వంటి మనిషి చేసిన మలినం ఎక్కువ. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన కూడా అదే. అణుశక్తిని ప్రయోగశాలలో పెట్టి తలుపు వేసుకోగలమన్న భ్రమ ఆయనకు అక్కడ పోయింది.

1969లో టోక్యో మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసరయ్యాడు. అప్పటికి వయస్సు 31. సరిగ్గా జపాను యూనివర్సిటీలన్నీ విద్యార్థుల ఆందోళనతో అట్టుడికిపోతున్న రోజులు. ఈ చదువు ఎవరికోసం, ఈ పరిశోధన ఎవరి సొమ్ముతో ఎవరి మేలుకోసం అని విద్యార్థులు నిలదీశారు. చాలామంది ప్రొఫెసర్లు పోలీసులను పిలిచి ఊరుకున్నారు. తకాగీ ఆ ప్రశ్నను తనను అడిగినట్టే తీసుకున్నాడు. నరితా విమానాశ్రయం కోసం గవర్నమెంటు సన్‌రిజుకా రైతుల భూములు లాక్కోబోతే, ఆ రైతులతో కలిసి నిలబడ్డాడు. ఆయనను బాగా కదిలించిన మరో మనిషి మియజావా కెంజీ అనే కవి. వ్యవసాయ పాఠశాలలో ఉపాధ్యాయుడి ఉద్యోగం మానేసి, 1926లో రైతుల మధ్య చేరి వాళ్ళకు ఎరువుల లెక్కలూ సంగీతమూ కూడా నేర్పినవాడు. విజ్ఞానం సామాన్యుడి చేతికి ఎలా వస్తుందన్నది ఆ కవి ప్రశ్న. తకాగీ దాన్ని జీవితాంతం వదల్లేదు.

1972లో జర్మనీ వెళ్ళి హైడెల్‌బర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఏడాదిపాటు పరిశోధన చేశాడు. తిరిగి వచ్చి 1973లో రాజీనామా ఇచ్చాడు. ఇంట్లోవాళ్ళూ, తోటివాళ్ళూ ఏమనుకుని ఉంటారో మనం ఊహించుకోవచ్చు. మన ఇళ్ళలో అయితే పర్మనెంటు ఉద్యోగం వదిలినవాణ్ణి ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. అనువాదాలు చేసుకుంటూ, పత్రికలకు రాసుకుంటూ పొట్టపోసుకున్నాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆయన వదిలింది ఉద్యోగాన్నే గాని శాస్త్రాన్ని కాదు. ఎక్కడ నిలబడి శాస్త్రం చేయాలన్నదే ఆయన మార్చుకున్నాడు.

1975లో, అణు విద్యుత్తును ప్రశ్నించే కొద్దిమంది శాస్త్రజ్ఞులూ, ప్రజాసంఘాలవాళ్ళూ కలిసి టోక్యోలో పౌరుల అణు సమాచార కేంద్రం పెట్టారు. ప్రసిద్ధ భౌతిక శాస్త్రజ్ఞుడు మిత్సువో తకెతాని దానికి మొదటి ప్రతినిధి. పూర్తికాలం పనిచేసే బాధ్యత తకాగీ మీద పడింది. ఏదో ఒక చిన్న ఆఫీసు, కాగితాల గుట్టలు. ఎక్కడో ఒక ఊళ్ళో రియాక్టరు పెడతామని కంపెనీవాళ్ళు వేల పేజీల పత్రాలు దాఖలు చేస్తారు. ఊరి జాలరికి అవి అర్థం కావు. తకాగీ బృందం వాటిని చదివి, లెక్కలు మళ్ళీ కట్టి, తప్పెక్కడుందో మామూలు జపాను భాషలో రాసి పంపుతుంది. పిలిస్తే స్వయంగా ఆ ఊరికి వెళ్ళి చెబుతాడు. 1979లో అమెరికాలో త్రీమైల్ ఐలండ్, 1986లో చెర్నోబిల్ ప్రమాదాలు జరిగాక దేశమంతటి నుంచీ ఆయనకు కబుర్లు రాసాగాయి. 1988 ఏప్రిల్‌లో టోక్యోలో 20 వేలమందితో జరిగిన ప్రదర్శన వెనుక ఆయన కృషి ఉంది. అణు విద్యుత్తును విడనాడే చట్టం కావాలంటూ 30 లక్షలకు పైగా సంతకాలు పార్లమెంటుకు చేర్చారు. పార్లమెంటు వాటిని పక్కన పెట్టింది. అది వేరే సంగతి.

ఆయన చదువుకు, పోరాటానికి కేంద్రం మాత్రం ప్లూటోనియం. అసలు సంగతి అర్థం కావాలంటే కొంచెం కెమిస్ట్రీ తప్పదు. ఆర్ట్సు మిత్రులు క్షమించాలి. గనిలో దొరికే యురేనియంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళకు పైగా సులభంగా చీలనిదే. ఆ చీలని యురేనియానికి న్యూట్రాన్లు తగిలితే ప్లూటోనియంగా మారుతుంది; అది చీలుతుంది. కాబట్టి ఇంధనం మండుతూనే కొత్త ఇంధనాన్ని పుట్టించే రియాక్టరు ఒకటి కట్టవచ్చు. దాన్నే ఫాస్ట్ బ్రీడర్ అంటారు. చమురు చుక్క కూడా లేని జపానుకు ఇది కామధేనువులా కనిపించింది. తప్పుపట్టడానికి లేదు. కాని ఈ కామధేనువు పాలతోపాటు మరొకటి కూడా ఇస్తుంది. ప్లూటోనియం సగం తరగడానికి 24 వేల ఏళ్ళు పడుతుంది. ఊపిరితిత్తుల్లో అణువంత చేరినా చేటే, బాంబుకూ అదే సరుకు. పైగా ఈ రియాక్టరును నీటితో చల్లబరచకూడదు, నీరు న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది. అందుకని కరిగించిన సోడియాన్ని గొట్టాల్లో తిప్పుతారు. ఇంటర్మీడియట్ లాబొరేటరీలో సోడియం ముక్కను కిరసనాయిల్లో ముంచి ఎందుకు దాస్తారో మనందరికీ తెలుసు. గాలి తగిలితే చెడుతుంది, నీళ్ళు తగిలితే భగ్గుమంటుంది. అలాంటిది వందల టన్నులు, కొలిమి వేడిమీద, సన్నపాటి గొట్టం గోడకు ఈవల సోడియం, ఆవల నీరు. మన పొరుగున కల్పాక్కంలో 1985లో మొదలైన పరీక్షా రియాక్టరూ ఈ జాతిదే.

జపానువాళ్ళు ఫుకుయి రాష్ట్రంలో, త్సురుగా దగ్గర సముద్రపు ఒడ్డున ఇలాంటి 280 మెగావాట్ల రియాక్టరు కట్టి దానికి మోంజు అని పేరు పెట్టారు. మోంజు అంటే మరెవరో కాదు, మన మంజుశ్రీ బోధిసత్వుడే. సింహం మీద స్వారీ చేసే జ్ఞానమూర్తి. అదే ప్రాంతంలోని మరో రియాక్టరుకు ఏనుగునెక్కే సమంతభద్రుడి పేరు పెట్టారు. మృగబలాన్ని జ్ఞానంతో అదుపు చేస్తామన్న భావం. నాగార్జునకొండ వాళ్ళం గనుక ఆ పేరు మనకు మరీ దగ్గరగా తోస్తుంది. స్థానికులు కొందరు 1985లోనే దీని అనుమతి చెల్లదంటూ కోర్టుకెక్కారు. అయినా కట్టడం ఆగలేదు. 1995 ఆగస్టులో మోంజు మొదటిసారి కరెంటు ఇచ్చింది.

మూడు నెలలు గడిచాయో లేదో, డిసెంబరు 8 రాత్రి 7 గంటల 47 నిమిషాలకు అలారం మోగింది. రెండవ వలయపు సోడియం గొట్టంలో ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఉంది. దాని తొడుగు ప్రవాహపు అదురుకు అలసి విరిగింది. ఆ కన్నంలోంచి దాదాపు 640 కిలోల సోడియం కారి అంటుకుంది. గాలి గొట్టమూ, నడిచే ఇనుప జాలీ కరిగి చిల్లులు పడ్డాయి. పొగ కమ్ముకున్నా రియాక్టరును వెంటనే ఆపలేదు; మెల్లిగా తగ్గిస్తూ వచ్చి, గంటన్నర తర్వాత ఆపారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి ఎవరికీ గాయం కాలేదు, రేడియోధార్మికత ఊరిమీదికి రాలేదు. ప్రమాదం అంతటితో ఆగింది. కాని ప్రమాదం గురించిన కథ ఆగలేదు.

మోంజును నడిపే ప్రభుత్వ సంస్థ పేరు దోనెన్. వాళ్ళు లోపలికి వెళ్ళి వీడియో తీశారు. ఘోరంగా ఉన్న భాగాలు కత్తిరించి, మిగిలింది లోకానికి చూపారు. ఫుకుయి అధికారులు స్వయంగా లోపలికి వెళ్ళి చూసిందానికీ, ఈ చూపినదానికీ పొంతన కుదరలేదు. గుట్టు బయటపడింది. ఈ దాపరికంపై విచారణ జరుపుతున్న దోనెన్ ఉద్యోగి ఒకరు 1996 జనవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. తొడుగు తయారుచేయడంలో జరిగిన లోపాన్ని క్షమించవచ్చు. ఒక మనిషి ప్రాణం తీసిన ఆ అబద్ధాన్ని ఏ ఇంజనీరు బాగుచేస్తాడు?

మరమ్మతు చేసి మళ్ళీ నడుపుతామని దోనెన్ అనగానే తకాగీ, ఆయన సహచరులు రంగంలోకి దిగారు. ప్రమాదం జరిగింది ఎవరి ఇంట్లోనో, విచారణ జరిపేదీ వాళ్ళే అయితే ఎలా అన్నది ఆయన అభ్యంతరం. బయటి శాస్త్రజ్ఞులను కూడగట్టి సొంతంగా ప్రమాద పరిశీలన జరిపించారు. విరిగింది ఒక తొడుగే కావచ్చు, ఆ ఆకారంలో పెడితే విరుగుతుందని లెక్క కట్టలేనివాళ్ళు మిగతా వేల భాగాల లెక్క ఎలా కట్టారన్నది మొదటి ప్రశ్న. మండే సోడియం కింద నేలకు పరిచిన ఉక్కు రేకు నిలుస్తుందా అన్నది రెండో ప్రశ్న. 1996లో దోనెన్ తానే చేసిన దహన ప్రయోగంలో ఆ రేకుకు చిల్లులు పడ్డాయి. రేకు కింద ఉండేది కాంక్రీటు, కాంక్రీటులో ఉండేది నీరు. ఇంటర్మీడియట్ సీసా కథ గుర్తుంది కదా! ఇక మూడోది, అసలీ పని ఎందుకని. అమెరికా 1983లో, జర్మనీ 1991లో తమ బ్రీడర్లను కట్టడం మానుకున్నాయి. బ్రిటన్ 1994లో తన దాన్ని మూసేసింది. ఫ్రాన్సు కూడా 1997లో తన పెద్ద బ్రీడరును మూస్తున్నట్టు చెప్పింది.

ఊళ్ళో అందరూ ఒక్కతాటి మీద ఉన్నారనుకుంటే పొరపాటు. 1974 నుంచీ అణు కేంద్రాలు వచ్చిన ఊళ్ళకు ప్రభుత్వం గ్రాంట్లు ఇస్తోంది. రోడ్లు, హాళ్ళు, ఉద్యోగాలు ఆ సొమ్ముతోనే. ఒకే ఇంట్లో అన్న కేంద్రంలో కాంట్రాక్టు పనికి వెళతాడు, తమ్ముడు చేపలు పడతాడు. అలాంటిచోట గుమ్మం గుమ్మం తిరిగి సంతకం అడగడం మాటలు కాదు. అయినా మోంజును మళ్ళీ నడపవద్దంటూ ఫుకుయిలో రెండు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. రాష్ట్రం అన్నమాటే గాని అప్పట్లో మొత్తం జనాభా ఎనిమిది లక్షల చిల్లర, మన జిల్లాలో సగం కూడా ఉండదు. ఫుకుయి, ఫుకుషిమా, నీగటా గవర్నర్లు ముగ్గురూ కలిసి 1996 జనవరిలో ప్రధానమంత్రికి విజ్ఞాపన ఇచ్చారు. అణు విధానం మీద దేశ ప్రజల అంగీకారం ముందు తీసుకోమన్నది దాని సారాంశం. అణు కేంద్రాలున్న రాష్ట్రాల గవర్నర్లే అలా అడగడంతో ఢిల్లీ లాంటి టోక్యో ఉలిక్కిపడింది. మరుసటి ఏడు మార్చిలో అదే దోనెన్‌కు చెందిన తొకాయి కేంద్రంలో మంట, పేలుడు, దాని మీద మళ్ళీ తప్పుడు నివేదిక. 1998లో దోనెన్‌ను రద్దుచేసి వేరే పేరుతో సంస్థ పెట్టారు. మోంజు మాత్రం ఆగిపోయిన చోటే ఉంది.

మన కాలేజీ నుంచి హైదరాబాదు అణు ఇంధన సంస్థకూ, బార్క్‌కూ వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళు ఈ వ్యాసం చదివి నా మీద విరుచుకుపడకముందే ఒక మాట చెబుతాను. అణు విద్యుత్తు ఏ రూపంలోనూ వద్దన్న తకాగీ నిర్ణయంతో నేను పూర్తిగా ఏకీభవించను. బొగ్గు పొగ ఎంత చేటు చేస్తుందో ఆయన కాలానికన్నా మనకిప్పుడు ఎక్కువ తెలుసు. నన్ను ఆకట్టుకున్నది ఆయన పద్ధతి. నినాదంతో సరిపెట్టుకోలేదు, లెక్క చూపించమన్నాడు. తన లెక్కా చూపించాడు. ఎదుటివాళ్ళ లెక్కల్లో తప్పు పట్టేటప్పుడు తిట్టలేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు అక్కడి మత్స్యకారులు అడిగిన ప్రశ్నలు చాలావరకు త్సురుగా జాలరులు అడిగినవే. వాళ్ళ పక్కన కూర్చుని ఆ పత్రాలు చదివిపెట్టే కెమిస్ట్రీ ఎమ్మెస్సీలు మనలో ఎందరు తేలతారు?

ప్లూటోనియం కలిపిన ఇంధనాన్ని మామూలు రియాక్టర్లలో వాడటం గురించి ఆయన నాయకత్వంలో పలు దేశాల నిపుణులు రెండేళ్ళు పరిశోధించారు. 1997లో ఫ్రాన్సుకు చెందిన మైకిల్ ష్నైడర్‌తో కలిపి ఆయనకు స్వీడన్‌వారి రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది. మరుసటి ఏడే క్యాన్సరు బయటపడింది. పురస్కారపు సొమ్ముతో, మామూలు జనానికి శాస్త్రం నేర్పి నిపుణుల్ని నిలదీయగలిగేలా తయారుచేసే తకాగీ పాఠశాల మొదలుపెట్టాడు. 1999 సెప్టెంబరు 30న తొకాయిమురాలోని ఇంధన కర్మాగారంలో కార్మికులు యురేనియం ద్రావణాన్ని స్టీలు బకెట్లతో పోస్తుండగా గొలుసుచర్య మొదలైంది. తర్వాతి నెలల్లో ఇద్దరు చనిపోయారు. అణు కర్మాగారంలో బకెట్లు! తకాగీ అప్పటికే జబ్బుతో కుంగిపోయి ఉన్నాడు. అణు ప్రమాదాలు ఎందుకు మళ్ళీ మళ్ళీ జరుగుతాయన్న విషయం మీద ఆ స్థితిలోనే చివరి పుస్తకం చెప్పి రాయించాడు. అది అచ్చయి వచ్చింది 2000 డిసెంబరులో. ఆయన అంతకు రెండు నెలల ముందే, అక్టోబరు 8న, 62వ ఏట కన్నుమూశాడు. తన ఆస్తిని పౌర శాస్త్రజ్ఞులకు సహాయం చేసే నిధికి వదిలాడు. 2001లో ఆ నిధి ఏర్పడింది.

ఆయన పోయాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1985లో వేసిన దావాను కింది కోర్టు 2000లో కొట్టేసింది. 2003లో పైకోర్టు మోంజు అనుమతి చెల్లదంది. 2005లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. చివరికి 2010 మే 6న, ఆగిన పద్నాలుగేళ్ళ అయిదు నెలలకు, మోంజు మళ్ళీ మొదలైంది. ఆగస్టులో 3.3 టన్నుల యంత్రభాగం జారి రియాక్టరు పాత్రలో పడింది. అంతే, మళ్ళీ నడవలేదు. మరుసటి మార్చిలో ఫుకుషిమా. కోబె భూకంపం వచ్చిన 1995లోనే తకాగీ జపాను భౌతికశాస్త్ర సంఘపు పత్రికలో ఒక వ్యాసం రాశాడు. భూకంపంతో కరెంటు పూర్తిగా పోతే, సునామీ కూడా తోడైతే, ఫుకుషిమా తీరంలా అనేక రియాక్టర్లు ఒకేచోట ఉన్న ప్రాంతం గతి ఏమిటని అందులో అడిగాడు. 2011 తర్వాత ఆ వ్యాసాన్ని వెతికి చదివినవాళ్ళు, అది అచ్చయినప్పుడు చదివినవాళ్ళకన్నా ఎన్నోరెట్లు ఉంటారు.

2012లో మోంజులో దాదాపు పదివేల భాగాలకు తనిఖీలే జరగలేదని తేలింది. 2016 డిసెంబరు 21న గవర్నమెంటు దాన్ని శాశ్వతంగా మూసేయాలని నిర్ణయించింది. లక్ష కోట్ల యెన్లకు పైగా ఖర్చయింది. అది నడిచింది మొత్తం 250 రోజులు. 2022లో ఇంధనం తీయడం ముగిసింది. సోడియం తీయాలి, ఆ తర్వాత కట్టడం విప్పాలి. ప్రణాళిక ప్రకారం అంతా పూర్తయ్యేసరికి 2047వ సంవత్సరం అవుతుంది. ఈ ఏడు మన కాలేజీలో ఫస్టియరు చేరినవాళ్ళకు అప్పటికి నలభయ్యేళ్ళు వస్తాయి.